సేటు గుర్తుపట్టని ముఖం

తెర మీద కనిపించిన ఆ రెండు వేళ్ళు నావి.

ఈ సంగతి నేను ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, నేను పనిచేసే ఆన్‌లైన్ సెంటర్ యజమానికి చెప్పలేదు. ఏడో తరగతి నుంచి రోజూ రాసుకుంటున్న డైరీలో కూడా రాయలేదు. ఆనాటి పేజీలో "ఎండ ఎక్కువ. ప్రింటర్లో ఇంకు అయిపోయింది" అని మాత్రం ఉంది. ఆ ఇంకు దేనికి అయిపోయిందో రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

కిందటి నెల బాన్సువాడలో ఒక ఫంక్షన్ హాల్లో డ్రైవర్లకు సదస్సు పెట్టారు. ఆటోలు నడిపేవాళ్ళు, పార్సిళ్ళు పంచేవాళ్ళు, కిరాయి కార్లు తిప్పేవాళ్ళు చాలామంది వచ్చారు. వేదిక వెనక "అందరినీ కలుపుకుపోదాం" అని బ్యానరు కట్టారు. బ్యాంకు ఖాతా, అప్పు, బీమా అన్నీ డ్రైవరు చేతిలోని ఫోనుకే ఎలా వస్తాయో చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. హాజరు రాయడానికి మా యజమాని నన్ను పంపాడు. నలుగురిలో నోరు విప్పలేని నాకు అలాంటి పనులే ఇస్తారు.

భోజనాలకు ముందు ఆ మేడం "ఇలాంటివి మాత్రం చేయకండి" అంటూ తెర మీద ఒక ఫోటో వేసింది. ఒక మనిషి ముఖాన్ని పెద్ద కాగితం మీద అచ్చు తీసి ఫోను కెమెరా ముందు పట్టుకున్న ఫోటో అది. ఆ ముఖానికి కళ్ళ మీద నల్లపట్టీ వేశారు. ఆయన పరువు పోకూడదని కాబోలు. కాగితం అంచున మాత్రం రెండు వేళ్ళు ఉన్నాయి. బొటనవేలి మీద, గోరు పక్కన, చిన్న పుట్టుమచ్చ ఉంది. వేళ్ళకు పట్టీ వేయాలని ఎవరికీ తోచలేదు.

"ఇది ఎక్కడో జరిగింది కాదు, మీ దగ్గరే జరిగింది" అందావిడ. హాలంతా నవ్వింది. నేను హాజరు పుస్తకం కింద చెయ్యి దాచుకున్నాను.

నల్లపట్టీ ఉన్నా అందరూ గుర్తుపట్టారు. బీర్కూర్ నుంచి జుక్కల్ దాకా ఆ ముఖం తెలియనివాళ్ళు లేరు. దాన్ని గుర్తుపట్టనిది ఈ భూమి మీద ఒక్కటే ఉంది. దాని మాటనే ఆ మేడం నమ్మింది.

ఆయన ట్రాలీ ఆటోలో పార్సిళ్ళు పంచేవాడు. పార్సిల్ కంపెనీ గోదాం మా సెంటర్ పక్క షట్టరే. నలభై దాటిన మనిషి. బాగా పొడుగు. పొడుగు ముఖం, నూనె పెట్టి వెనక్కి దువ్విన ఒత్తయిన జుట్టు, పెదవి మీదికి దిగిన మీసాలు. నాకు ఆయన అన్న. ఆయనకు నేను చెల్లె.

పొద్దున్నే గోదాం ముందు డ్రైవర్లంతా తమ ఫోనుల్లోని యాప్‌కు ముఖం చూపించాలి. చూపిస్తేనే ఆ రోజు పార్సిళ్ళు ఇస్తారు. మిగతావాళ్ళు బండి మీద కూర్చునే ఫోను ఎత్తి చూపించి దించేసేవాళ్ళు. ఆయన అలా కాదు. మా సెంటర్ పక్కన కుళాయి దగ్గర ముఖం కడిగేవాడు. దస్తీతో తుడుచుకునేవాడు. మా షాపు అద్దంలో చూసుకుని తల దువ్వి, చొక్కా పై గుండీ పెట్టుకుని, ఆ తర్వాత ఫోను ఎత్తేవాడు. పెళ్ళిచూపులా అని తోటి డ్రైవర్లు ఎగతాళి చేస్తే, పొద్దున్నే సేటుకు మొఖం చూపిస్తున్నం, మంచిగ చూపించాలె గదా అనేవాడు.

యాప్‌ను ఆయన ఎప్పుడూ యాప్ అనలేదు. సేటు అనేవాడు. సర్వర్ పనిచేయకపోతే సేటు ఇంక లేవలేదు. పార్సిళ్ళు ఎక్కువ వేస్తే సేటుకు ఇయ్యాల మస్తు జోషు. ఎవరో నక్షత్రాలు తక్కువిస్తే సేటు అలిగిండు. సేటు ఎక్కడుంటాడో, ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. మనం రోజూ ఆయనకు ముఖం చూపించాలి గానీ ఆయన ఎప్పుడూ చూపించడు.

మాది క్యాంపు. మా తాత కాలువ నీళ్ళను నమ్మి గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి పొలం కొన్నాడు. నేను ఇక్కడే పుట్టినా మా ఇంటి మాట ఇంకా అటుదే. అందుకే ఆ యాప్ తెలుగులో ఏం చెప్పినా ఆయన ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు.

"గీ సేటు మీ క్యాంపు తెలుగు మాట్లాడుతుండు చెల్లె. జర సూసి చెప్పు, ఏమంటుండు?"

మొదటిసారి తెర మీద "మీ ముఖమును వృత్తములో ఉంచండి" అని ఉంది. వృత్తం అంటే గుండ్రం అన్నా అని చెప్పాను. ఆయన తన ముఖాన్ని రెండు చేతులతో కొలుచుకున్నాడు.

"నాది సొరకాయ మొఖం. గుండ్రంల ఎట్ల వడ్తది?"

నేను నవ్వాను. బయటివాళ్ళ ముందు నేను నవ్వడం అరుదు.

ఇంట్లో పుస్తకాలకు డబ్బు తగలేస్తున్నానంటారని నా పార్సిళ్ళు సెంటర్ చిరునామాకే తెప్పించుకునేదాన్ని. వాటిలో ఏముందో ఆయన రెండోసారికే కనిపెట్టాడు. కౌంటరు మీద పెట్టి, గొంతు తగ్గించి, చెల్లె నీ ఇటుకలొచ్చినయ్ అనేవాడు. పార్సిల్‌ను అరచేతిలో ఎత్తి చూసి, ఇది మూడొద్దుల ఇటుక, ఇది వారం ఇటుక అని నాకు చదవడానికి పట్టే రోజులు లెక్కగట్టేవాడు. ఇంత ఇల్లు గడుతున్నవు, గృహప్రవేశం ఎప్పుడు అని అడిగేవాడు. ఓటీపీ పైకి చెప్పడానికి కూడా నాకు మొహమాటమే, చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. ఆయన ఆ చీటీ చూసి, ఫోనులో కొట్టి, చించి జేబులో వేసుకునేవాడు. ఒక్కసారి కూడా పైకి చదవలేదు.

ఆటో హ్యాండిల్‌కు దారంతో ఒక కళ్ళజోడు కట్టి ఉండేది. ఆయనకు చూపు బాగానే ఉంది. అది ఊళ్ళలోని ముసలివాళ్ళ కోసం. కొడుకో కూతురో ఎక్కడినుంచో ఏదో పంపితే, తీసుకునే ముసలమ్మకు ఫోనులో వచ్చిన నంబరు కనిపించదు. ఆయన దారం విప్పి కళ్ళజోడు ఇచ్చేవాడు. మహారాష్ట్ర అంచున డోంగ్లి వైపు అయితే ఆయీ అని పిలిచి మరాఠీలో, ఇటు అయితే అవ్వా అని పిలిచి మన మాటలో, ఒక్కొక్క అంకె వాళ్ళ చేతనే చదివించేవాడు. నువ్వే చూసుకోవచ్చుగా అని నేనంటే, వాళ్ళ నంబరు వాళ్ళే చెప్పాలె, నేను సూస్తే నాకు అలవాటైతది అన్నాడు. ఆ సదస్సులో మేడం రెండు గంటలు చెప్పిన డిజిటల్ భద్రత ఇదే. ఆమెకు తెర కావాల్సివచ్చింది. ఆయనకు ఒక దారం సరిపోయింది.

ఇంకో అలవాటు ఉండేది. ఇళ్ళకు ఫోను చేసినప్పుడు ఆయన తన పేరు చెప్పేవాడు కాదు, కంపెనీ పేరూ చెప్పేవాడు కాదు. "నేనే, వస్తున్న" అనేవాడు. అంతే. నేనే అంటే ఎవరని నేను ఎన్నడూ ఎవరూ అడగ్గా వినలేదు. మ్యాపు ఒక ఇంటిని తీసుకెళ్ళి పత్తిచేలో పెట్టినా, ఆయన మాత్రం ఆ ఇంటి గడప ముందే నిలబడి "నేనే" అనేవాడు.

ఆ ట్రాలీని పార్సిల్ కంపెనీ ఇప్పించిన అప్పుతోనే కొన్నాడు. ఆ దరఖాస్తు నింపింది నేనే. న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు నాకూ ఆశ్చర్యమే వేసింది. జామీను అడగలేదు, బ్యాంకు చుట్టూ తిప్పలేదు. ఫోను ముఖం చూసింది, అప్పు ఇచ్చింది, ఖాతా తెరిచింది, బీమా కూడా చేసింది. కిస్తు వారం వారం ఆయన కూలిలోంచే కోసుకుంటారు. ఎవల కాళ్ళూ మొక్కలేదు చెల్లె, మొఖం జూసి ఇచ్చిండు సేటు అని ఆయన గోదాం ముందు అందరికీ చెప్పుకున్నాడు. పనికి, ఖాతాకి, అప్పుకి, బీమాకి అన్నింటికీ ఒకటే తాళంచెవి అని, అది ఆయన ముఖమే అని నాకు అప్పుడు తట్టలేదు. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇది తట్టలేదు.

ఆయన తల్లి చనిపోయింది. పెద్ద కొడుకు ఆయనే. పదోరోజు చెరువు ఒడ్డున తల గొరిగించుకున్నాడు, మీసాలు తీయించుకున్నాడు. తల్లిపోతే ఎవరైనా చేసేదే. దినాలన్నీ అయ్యాక గోదాంకు వచ్చాడు. ఎప్పటిలాగే ముఖం కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు. అలవాటుగా దువ్వెన తీసి, తలను తడుముకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పై గుండీ పెట్టుకుని ఫోను ఎత్తాడు.

"ముఖం సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

మూడుసార్లు ఎత్తాడు. మూడోసారి తర్వాత యాప్ ఆ రోజుకు మూసుకుపోయింది. మరుసటి రోజు టోపీ పెట్టుకుని ఎత్తాడు. ఆ మరుసటి రోజు తలకు దస్తీ చుట్టుకుని ఎత్తాడు. గోదాం మేనేజరు రోజూ ఆయనతో చాయ్ తాగే మనిషి. ఆయనకు ఎదురుగా నిలబడి, నువ్వని నాకు తెల్సన్నా, సిస్టం ఒప్పుకోవాలె గదా అన్నాడు. ఫోటో మార్చుకోవడానికి యాప్‌లో ఒక దారి ఉంది. కానీ కొత్త ఫోటో పెట్టాలంటే ముందు పాత ఫోటోతో ముఖం సరిపోలాలి.

సహాయం అన్న చోట నేనే టైపు చేశాను. వీరి తల్లి చనిపోయింది, ఆచారం ప్రకారం తల, మీసాలు తీయించుకున్నారు, మనిషి వీరే, దయచేసి చూడండి అని. జవాబు వెంటనే వచ్చింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని మొదటి వాక్యం. రెండో వాక్యం ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

"దయచేసి మీ ప్రొఫైల్ ఫోటోలో ఉన్నట్లుగా కనిపించండి."

నేను చదివి వినిపించాను. ఆయన అడిగాడు.

"మా అవ్వ జచ్చిపోయినట్టు ఆడ ఏడనన్న రాయనీకి వస్తదా చెల్లె?"

అలా రాయడానికి చోటు లేదు. కారణాల పట్టీలో ఫోను పోయింది, నంబరు మారింది, వెలుతురు తక్కువ, ఇతరములు అని ఉన్నాయి. ఇతరములు నొక్కితే మళ్ళీ అదే జవాబు వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోపం ఎప్పుడూ బయటికి రాదు, ఏదో ఒక పని చేయడంలోకి పోతుంది. ఆ రోజు కూడా అలాగే పోయింది.

అప్పు దరఖాస్తుకు తీసిన ఆయన ఫోటో మా కంప్యూటర్లో ఉంది. మీసాలు, దువ్విన జుట్టు, పెట్టిన గుండీ అన్నీ ఉన్న ఫోటో. దాన్ని ముఖమంత పెద్దగా రంగుల్లో ప్రింటు తీశాను. ఆలోచన నాది. ఆయన వద్దన్నాడు. నేనే బలవంతం చేశాను. సేటుకు కావాల్సింది ఈ ఫోటోలాగా కనిపించడమేగా, కనిపిద్దాం అన్నాను. జీవితంలో నేను ఎవరినైనా ఒప్పించింది అదొక్కసారే.

కౌంటరు మీద ఫోను ఆనించి పెట్టాం. ఆయన నిలబడ్డాడు. ఆయన ముందు నేను కాగితం ఎత్తి పట్టుకున్నాను. పచ్చటి టిక్కు పడింది. ఆయన బండెక్కి వెళ్ళి ఊళ్ళన్నీ తిరిగి వచ్చాడు. మరుసటి రోజు కూడా పడింది. జుట్టు పెరిగేదాకా గడిస్తే చాలనుకున్నాం, ఆ టిక్కుతోనే ఫోటో మార్చేయొచ్చని నాకు తట్టలేదు.

మూడో రోజు పొద్దున యాప్ తనంతట తానే కొత్తగా మారి ఉంది. కాగితం ఎత్తగానే వృత్తం కింద కొత్త అక్షరాలు వచ్చాయి. కాగితం అడ్డంగా ఉండటంతో ఆయనకు కనిపించలేదు.

"ఏమంటుండు?"

"కనురెప్పలు ఆర్పమంటున్నాడు."

నేను కాగితం పక్కనుంచి తల తిప్పి చూశాను. అటువైపు, కాగితం వెనక, గుండుతో, మీసాలు లేకుండా, పై గుండీ పెట్టుకుని నిలబడ్డ ఆ మనిషి, సేటు చెప్పాడు కదా అని, బుద్ధిగా కళ్ళు ఆర్పుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

కాగితం రెప్ప వేయలేదు.

తెర ఎర్రబడింది. మోసపూరిత ప్రయత్నం గుర్తించబడింది. ఖాతా శాశ్వతంగా నిలిపివేయబడింది. అంత పెద్ద తెలుగు ఆయనకు విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. మోసం అన్న మాట క్యాంపులోనూ ఊళ్ళోనూ ఒకటే.

పది నిమిషాల్లో మేనేజరు ఫోను పట్టుకుని మా సెంటర్లోకి వచ్చాడు. పైనుంచి వాళ్ళకు ఆ ఫోటో వచ్చేసింది. మా యజమాని కూడా లేచి నిలబడ్డాడు. గోదాం వాళ్ళ కాగితాల పనంతా మా సెంటర్‌కే వస్తుంది, ఆ పని పోతే నా ఉద్యోగం మొదట పోతుంది. ఇది చేసిందెవరు, ప్రింటు ఎక్కడిది అని మేనేజరు అడిగాడు. నా వెనక ప్రింటరు ఉంది. చెత్తబుట్టలో సరిగా రాని ప్రింట్లలో ఆయన ముఖాలు రెండు ఉన్నాయి. నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే" అన్నాడు. "నిజామాబాదుల కొట్టిచ్చుకొచ్చిన."

గడపల ముందు ఏ గొంతుతో అనేవాడో అదే గొంతుతో అన్నాడు. వాళ్ళు నమ్మారు. మోసం చేశానన్నప్పుడు మాత్రం ఆయన మాట చాలింది, ముఖం సరిపోలాల్సిన అవసరం రాలేదు.

ఖాతా పోతే కూలి పోయింది. కూలి పోతే కిస్తు కట్ కాలేదు. ట్రాలీని తీసుకెళ్ళడానికి మాత్రం మనుషులు వచ్చారు. అప్పటిదాకా అందరూ ఫోనులోనే ఉండేవాళ్ళు. అప్పు ఇచ్చినప్పుడు ఒక్క మనిషి కనిపించలేదు, బండి గుంజుకుపోయేటప్పుడు నలుగురు కనిపించారు. వాళ్ళు ఆయన్ని చూడగానే గుర్తుపట్టారు కూడా. ఆయన దారం విప్పి కళ్ళజోడు జేబులో వేసుకుని, తాళం ఇచ్చేశాడు.

కొన్నాళ్ళు ఎవరి బండో నడిపాడు. తర్వాత ఒక ఏజెంటును పట్టుకుని దుబాయ్‌కి వీసా తెచ్చుకున్నాడు. ఆ వీసా కాగితం ప్రింటు కోసం మా సెంటర్‌కే వచ్చాడు. జుట్టు మొత్తం పెరిగింది. మీసాలు మళ్ళీ పెదవి మీదికి దిగాయి. అచ్చం ప్రొఫైల్ ఫోటోలా ఉన్నాడు. నేను ప్రింటు తీస్తున్నంతసేపూ, చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి, క్షమించమని అడగాలి అనుకున్నాను. ఆయన షాపు అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు. ఇల్లు ఎంతదాకా వచ్చింది చెల్లె అని అడిగాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇటుకల సంగతి అడుగుతున్నాడు. ఇంకా కడుతున్నాను అన్నాను. అంతే మాట్లాడాను.

అక్కడికి వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. అక్కడ బండి మీద అన్నం డబ్బాలు పంచుతున్నాడు. అక్కడా ఫోనే సేటట. ఈ సేటు మొదటిసారికే గుర్తువట్టిండు, మంచోడే ఉన్నట్టున్నడు అని నవ్వాడు. ముఖం చూస్తే చాలు తలుపులు తెరుచుకునే ఊళ్ళను వదిలి, ఎవరికీ తెలియని చోటికి వెళ్ళి, అక్కడ ఒక ఫోను గుర్తుపట్టిందని సంతోషపడుతున్నాడు. ఆ నవ్వు నేను రెండోసారి వినలేకపోయాను.

మళ్ళీ ఫంక్షన్ హాల్‌కు వస్తాను. అంతమంది నవ్వారు గానీ, తన ముఖం తనకు ఉండగా ఒక మనిషి తన ఫోటోనే ఎందుకు పట్టుకుని నిలబడ్డాడని ఒక్కరూ అడగలేదు. ఆ మేడం అడగలేదు. ఆ తెర మీద ఆయన తల్లి చావు లేదు, గుండు లేదు, మేం టైపు చేసిన అర్జీ లేదు. మనోడేరా, ఫోటువ సేటు అని ముందు వరుసలో ఎవరో అన్నారు. ఇంకోసారి నవ్వారు. అలా అన్నవాడు ఆయన ట్రాలీలో తన చెల్లెలి పెళ్ళి సామాను కిరాయి లేకుండా మోయించుకున్నవాడు.

చివరి వరుసలో ఆయన భార్య కూర్చుని ఉంది. నేనే ఆమె పేరు రాసుకున్నాను. గోదాంలో పార్సిళ్ళు వేరుచేసే పనికి ఆడవాళ్ళను తీసుకుంటారని, సదస్సుకు వచ్చి ఖాతా తెరిచినవాళ్ళకే ఆ పనని చెబితే వచ్చింది. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టి చుట్టి తంబాకు ఘాటుకు ఆమెకు దగ్గు పట్టుకుంది. అందుకని ఆ పని కావాలనుకుంది. ఆమె ఆధార్ జిరాక్సు నా బల్ల మీదే ఉంది.

నవ్వు ఆగాక ఆమె లేచి, వరుసలన్నీ దాటి, నా దగ్గరికి వచ్చింది. నా జిరాక్సు నాకియ్యి అంది. వెతికి ఇచ్చాను. తీసుకునేటప్పుడు ఆమె కాగితాన్ని చూడలేదు. కాగితం పట్టుకున్న నా బొటనవేలిని చూసింది. వెళ్ళిపోయింది.

మేడం భోజనాలప్పుడు నన్ను మెచ్చుకుంది, హాజరు చక్కగా రాశానని.

సదస్సు అయిన మూడో రోజు సెలవు అడిగి, డైరీలో మడిచి దాచుకున్న ఆనాటి ఆయన ఫోటో ప్రింటు తీసుకుని వాళ్ళ ఊరు బీర్కూర్‌కు బస్సెక్కాను. బస్సులో నేను చెప్పాల్సిన మాటలన్నీ వరుసగా అనుకున్నాను. మంచి వాక్యాలే వచ్చాయి. ఆమె ఇంటి ముందు నిలబడేసరికి ఒక్కటీ మిగల్లేదు. తలుపు తీసే ఉంది. ఎవలు అని లోపలినుంచి అడిగింది. నేనే అనబోయాను. ఆ మాట అనే అర్హత నాకు లేదనిపించి నా పేరు చెప్పాను.

ఆమె చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూసో అంది. కూర్చున్నాను. ప్రింటు తీసింది నేనని, పట్టుకుంది నేనని, ఆయన వద్దంటున్నా వినలేదని, మేనేజరు అడిగినప్పుడు నోరు మెదపలేదని, హాల్లో అంతమంది నవ్వినప్పుడు కూడా మెదపలేదని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె చుట్టడం ఆపలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. నా మాటలు అయిపోయేసరికి కట్టకు సరిపడా బీడీలు అయ్యాయి. అప్పుడు చేతులు దులుపుకుని, నేను చాట పక్కన పెట్టిన ఫోటోను తీసి చూసింది. కొంగుతో దాని మీది తంబాకు దుమ్ము తుడిచింది. మడతల వెంట మళ్ళీ మడిచి, నా చేతిలోనే పెట్టింది.

"నాకు చెప్పుడేంది? ఆయన గా నాడే చెప్పిండు నాకు. పొయ్యి, గా నవ్వినోళ్ళ ముందట నిలవడి చెప్పు, నేనే అని."